పెంపుడు సరీసృపాల్లో నట్టలు: ఇంట్లో చేయగల వైద్యం

తాబేళ్లు, పాములు, బల్లి, తొండ జాతుల పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, అరుదుగా రక్తంలో కాపురముండే పురుగులనూ ఏకకణ జీవులనూ కలిపి అంతర పరాన్నజీవులంటారు. పురుగుల వరకు మన పశువైద్యుల వాడుకలో 'నట్టలు' అన్న ఒక్క మాట సరిపోతుంది. గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాగించడం చూసినవాళ్లకూ, ఫిబ్రవరి 10న బడిలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మింగించడం తెలిసినవాళ్లకూ ఈ సంగతి కొత్తగా అనిపించదు. అయితే మందలోనూ బడిలోనూ చక్కగా పనిచేసే పద్ధతి, అంటే పరీక్షతో పని లేకుండా అందరికీ ఒకే మందు వేసేయడం, సరీసృపాల దగ్గర బెడిసికొడుతుంది. ఒక జంతువులో చుట్టంలా ఉండే జీవి మరో జంతువును చంపుతుంది. పాముకు మేలు చేసే మందు తాబేలును పడగొడుతుంది. అన్నిటికీ మించి, ఈ జబ్బు సగం జంతువు కడుపులో ఉంటే మిగతా సగం అది ఉండే పెట్టెలో ఉంటుంది. ఇంటి వైద్యమంటే ప్రధానంగా ఆ రెండో సగానికి చేసే వైద్యం.

పెట్టె చేసే పని

అడవిలో తాబేలు నడుస్తూ మేస్తుంది. రెట్ట వేసిన చోటు వెనకబడిపోతుంది. ఆ రెట్టలో పడ్డ పురుగు గుడ్డు ఇంకో తాబేలు నోటికి చేరాలంటే ఎండకు మాడకుండా, వానకు కొట్టుకుపోకుండా, పురుగూ పుట్రా తినేయకుండా మిగలాలి. వేలల్లో ఒకటో రెండో చేరతాయి. మూడడుగుల గాజు పెట్టెలో ఆ దూరం జానెడు. రెట్ట తొక్కిన కాళ్లతోనే తాబేలు ఆకుకూరలోకి వెళ్తుంది. రెట్ట మీద పాకిన కీచురాయిని బల్లి గుటుక్కున మింగుతుంది. అడవిలో పదుల్లో ఉండే పురుగులు పెట్టెలో వేలకు పెరగడానికి కొత్తగా ఏదీ బయటి నుంచి రానక్కర్లేదు.

అందుకే రెట్ట నుంచి తిన్నగా నోటికి సాగే జీవితచక్రం ఉన్నవే పెంపకంలో వర్ధిల్లుతాయి. బద్దెపురుగులు, జలగపురుగులు ఎదగడానికి మధ్యలో ఒక కప్పో, నత్తో, చేపో కావాలి. పెట్టెలో అవి దొరకవు గనుక ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. దీన్నిబట్టి ఒక ఆరా కూడా తీయవచ్చు. పెట్టెలోనే పుట్టి పెరిగిందని చెప్పి అమ్మిన కొండచిలువ రెట్టలో బద్దెపురుగు ముక్కలు కనిపించాయంటే, దానికి ఎవరో అడవి ఎర వేసి ఉండాలి, లేదా అమ్మినవాడు అబద్ధమాడి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు నిజమవుతుంది.

పెట్టెలో చలి ఎక్కువైతే పరిస్థితి ఇంకా చెడుతుంది. సరీసృపానికి సొంత వేడి ఉండదు. జీర్ణశక్తి, రోగనిరోధకశక్తి, మందును విరిచి బయటికి పంపే శక్తి, అన్నీ దీపం ఇచ్చే వేడి మీద నడుస్తాయి. ప్రయాణం, ఇరుకు, కొత్త చోటి భయం తోడైతే అప్పటిదాకా అణగి ఉన్న పరాన్నజీవులు విజృంభిస్తాయి. అంగడి నుంచి తెచ్చిన నెలలోపే జబ్బుపడే జంతువుల్లో చాలావాటి కథ ఇదే.

ఏవి అతిథులు, ఏవి శత్రువులు

శాకాహార తాబేళ్లలో, ఇగువానాల్లో, తొండ జాతుల్లో అన్నిటికన్నా మామూలుగా కనబడేవి నులిపురుగులు. పేగు చివరి భాగంలో ఉంటాయి, కొద్ది సంఖ్యలో ఏ హానీ చేయవు. వాటిని తుడిచిపెట్టాలని పట్టుబట్టే యజమాని పురుగు కంటే మందుతోనే జంతువును ఎక్కువ బాధపెడతాడు. తాబేళ్ల పేగులో ఈదే నిక్టోథీరస్ వంటి నూగు జీవులదీ ఇదే తీరు. సూక్ష్మదర్శిని కింద అవి హడావుడిగా పరుగెత్తుతుంటే కొత్తవాళ్లు బెంబేలెత్తుతారు గాని, గడ్డి తినే తాబేలు కడుపులో అవి సహజ నివాసులు.

ఏలికపాముల సంగతి వేరు. కొండచిలువల్లో ఓఫిడాస్కారిస్, మెట్ట తాబేళ్లలో అంగుస్టికేకమ్ జాతులు వేళ్ల పొడవుకు మించి పెరిగి పేగుకు అడ్డం పడగలవు. పాముల్లో కలిసెఫాలస్ అనే కొంకిపురుగు పేగు గోడను పట్టి నెత్తురు కారుస్తుంది. రాబ్డియాస్ ఊపిరితిత్తుల్లో ఉంటుంది. దాని గుడ్లు, పిల్లలు కఫంతో గొంతులోకి వచ్చి, మింగబడి, రెట్టలోనే బయటపడతాయి. కాబట్టి నోరు తెరిచి ఆయాసపడే పాముకు కూడా రెట్ట పరీక్ష చేయాల్సిందే. అడవి నుంచి పట్టి తెచ్చిన ఊసరవెల్లి చర్మం కింద దారాల్లా మెలికలు తిరిగే ఫైలేరియా పురుగులు కంటికే కనిపిస్తాయి.

ఏకకణ జీవుల్లో కాక్సిడియా ముందు చెప్పుకోదగ్గది. ఆస్ట్రేలియాకు చెందిన బియర్డెడ్ డ్రాగన్ అనే గడ్డపు తొండను ఐసోస్పోరా ఆంఫిబొలూరి ఎంతగా అంటిపెట్టుకుందంటే, పెంపకందార్లలో కొందరు దాన్ని ఆ తొండతో పుట్టిన లక్షణంగానే చూస్తారు. పెద్ద తొండ తట్టుకుంటుంది. పిల్ల తొండలు మాత్రం వాసన కొట్టే నీళ్ల విరేచనాలతో ఎదుగుదల ఆగి చస్తాయి. ఎంటమీబా ఇన్వాడెన్స్ అనే అమీబాకు రెండు ముఖాలు. శాకాహార తాబేళ్లలో నెమ్మదిగా ఉంటుంది. అదే నీటితొట్టి ద్వారా పామును చేరితే పేగు కుళ్లి, రక్తవిరేచనాలై, రోజుల్లో ప్రాణం తీస్తుంది. తాబేలునూ పామునూ ఒకే పెట్టెలో ఉంచకూడదన్న నియమం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

అన్నిటికంటే చేదు పేరు క్రిప్టోస్పోరిడియం. ఎర్నెస్ట్ టైజర్ 1907లో ఎలుకల పొట్టలో గుర్తించిన ఈ జీవి కోవలోనిదే పాముల క్రిప్టోస్పోరిడియం సర్పెంటిస్. పాము జీర్ణాశయం గోడ మందమెక్కి, నడుము దగ్గర ఉబ్బి, మింగిన ఎరను రెండు మూడు రోజులకు కక్కేస్తుంది. లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లిలో క్రిప్టోస్పోరిడియం వరానీ చిన్నపేగుకు పడుతుంది. కొవ్వు నిల్వ ఉండే దాని లావాటి తోక పుల్లలా ఎండిపోతుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. పారోమోమైసిన్ అణచి ఉంచుతుందంతే. జబ్బు ఖాయమైతే ఆ జంతువును మిగతావాటికి జీవితాంతం దూరంగా ఉంచడమో, బాధ లేకుండా నిద్రపుచ్చడమో తప్ప నిజాయితీగా చెప్పదగ్గ దారి లేదు.

నాలుక పురుగులని పిలిచే పెంటాస్టోమిడ్లు పురుగులే కావు, పీతలకూ రొయ్యలకూ దగ్గరి చుట్టాలు. పాము ఊపిరితిత్తుల్లో ఉంటాయి. ఆసియాకు చెందిన రైలియెటియెల్లా ఓరియంటాలిస్ బర్మా కొండచిలువలతో అమెరికాలోని ఫ్లోరిడా చేరి, ఇప్పుడు అక్కడి దేశవాళీ పాములను పట్టి పీడిస్తోంది. మన గోడ మీది బల్లిలోనూ ఈ కుటుంబపు జాతి ఒకటి ఉంటుంది. దాని పిల్లదశ బొద్దింకలో గడుస్తుంది. ఇంట్లో బల్లిని పట్టి పెంపుడు పాముకు వేయడం ఖర్చు లేని పనిలా కనిపించినా మంచిది కాదు.

రెట్ట పరీక్ష

లక్షణాలను చూసి ఏ నట్టో చెప్పలేం. తిండి మానడం, బరువు తగ్గడం, కళ్లు లోతుకు పోవడం, పల్చని రెట్ట వంటివి చలి చేసినా వస్తాయి, కాల్షియం తగ్గినా వస్తాయి. కాబట్టి ఇంట్లో మొదట ఉండాల్సిన సాధనం మందు సీసా కాదు, గ్రాములు చూపించే వంటింటి తూకం. వారానికోసారి తూచి పుస్తకంలో రాసుకునే యజమానికి బరువు తగ్గుతున్నట్టు కంటికంటే ముందే తెలుస్తుంది.

సరీసృపం వేసే రెట్టలో తెల్లగా, సుద్దముక్కలా ఉండేది మూత్రానికి సంబంధించిన యూరిక్ ఆమ్లం. పరీక్షకు పనికొచ్చేది గోధుమరంగు భాగమే. శనగగింజంత చాలు. శుభ్రమైన డబ్బాలోనో జిప్ సంచిలోనో వేసి, ఎండిపోకుండా మూసి, ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. గడ్డకట్టిస్తే మాత్రం పాడవుతుంది. గుడ్ల కోసమైతే ఒకరోజు ఆగినా ఫరవాలేదు. కశాభాలతో ఈదే ఏకకణ జీవుల కోసమైతే వేడివేడిగా, గంట రెండు గంటల్లోనే చూడాలి, చల్లారితే అవి కదలవు, కదలకపోతే కనబడవు. గుడ్లు రోజూ పడవు గనుక ఒకసారి ఏమీ లేదని వస్తే సంతోషించడం తొందరపాటు. కొన్ని రోజుల తేడాతో మూడు నమూనాలు చూడడం వాడుక.

పరీక్ష పద్ధతి మేకపెంటికకు చేసేదే. ఉప్పునీటిలోనో చక్కెర పాకంలోనో కలిపితే తేలికైన గుడ్లు పైకి తేలి గాజుపలకకు అంటుకుంటాయి. జలగపురుగుల గుడ్లు బరువు, అడుగున వెతకాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వంటి చోట్ల పరాన్నజీవుల విభాగాలున్నాయి. పాముల వైద్యుడు దొరకని ఊళ్లో కూడా పేడ పరీక్ష చేసే పశువైద్యుడు దొరుకుతాడు.

చూసినదాన్ని అర్థం చేసుకోవడంలో ఒక చిక్కుంది. పాము రెట్టలో కనిపించే నులిపురుగు గుడ్లు చాలాసార్లు పామువి కావు, అది మింగిన ఎలుకవి. ఎలుకలోని క్రిప్టోస్పోరిడియం కూడా ఇలాగే పాము పేగు గుండా ప్రయాణించి బయటపడి, లేని జబ్బు ఉందనిపిస్తుంది. ఏ జంతువు రెట్టో, దాని ఆహారమేమిటో చెప్పకుండా డబ్బా ఒక్కటే పంపితే పరీక్ష చేసేవారిని తప్పుపట్టలేం.

మందు, తూకం

గుండ్రటి పురుగులకు ఎక్కువగా వాడేది ఫెన్‌బెండజోల్. పురుగు కణాల్లోని సన్నని నాళికల కట్టడాన్ని చెడగొట్టి, అది చక్కెరను పీల్చుకోలేకుండా చేస్తుంది. పురుగు ఆకలితో మెల్లగా చస్తుంది. పుస్తకాలు కిలో బరువుకు 25 నుంచి 50 మిల్లీగ్రాములు చెప్పి, రెండు వారాలకు మళ్లీ ఇవ్వమంటాయి. గుడ్లను, పేగు గోడలోని పిల్లలను మొదటి విడత వదిలేస్తుంది, రెండో విడత అందుకోసం.

మందు పేరుకన్నా తూకమే కష్టం. 40 గ్రాముల లెపర్డ్ గెకోకు కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన కావాల్సింది 2 మిల్లీగ్రాములు. పశువుల మందుల దుకాణంలో 10 శాతం ద్రవం కొంటే మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటాయి. అంటే ఈ బల్లి వంతు 0.02 మిల్లీలీటర్లు. మన మందుల షాపుల్లో దొరికే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో ఒక గీత 0.025 మిల్లీలీటర్లు. ఒక్క గీత కూడా నిండదు. అందుకే ఒక వంతు మందుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, బాగా కుదిపి, అందులోంచి 0.2 మిల్లీలీటర్లు, అంటే 8 గీతలు తీస్తారు. ఇదే ద్రవం 2.5 శాతంలోనూ వస్తుంది. సీసా మీది అంకె చూడకపోతే మోతాదు నాలుగు రెట్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఇక బడిలో పంచే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను పొడిచేసి 'చిటికెడు' వేద్దామనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఆ మాత్ర మొత్తం ఈ బల్లికి కిలోకు 10,000 మిల్లీగ్రాములతో సమానం. చిటికెడులో పదోవంతు పొడి పడినా అది మందు కాదు.

ఫెన్‌బెండజోల్ నెమ్మదైన మందని పేరుంది గాని అది పూర్తి నిజం కాదు. వేగంగా విభజన చెందే ఎముకమజ్జ కణాలనూ అది తాకుతుంది. 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో హెర్మన్ తాబేళ్లకు కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు, రెండు వారాల ఎడంతో రెండు విడతలు ఇస్తే తెల్లరక్తకణాలు పడిపోయాయి. పురుగులు లేని తాబేలుకు 'ఎందుకైనా మంచిది' అని ఏటా పోయడం ఎందుకు మంచిది కాదో ఇదొక్కటి చాలు చెప్పడానికి.

ఐవర్‌మెక్టిన్ గురించి గట్టిగా చెప్పాలి. జపాన్ మట్టిలోంచి సతోషి ఒమురా వెలికితీసిన సూక్ష్మజీవి నుంచి విలియం క్యాంప్‌బెల్ బృందం తయారుచేసిన ఈ మందు కోట్ల మందిని నది అంధత్వం నుంచి కాపాడింది. వారిద్దరికీ 2015లో నోబెల్ వచ్చింది. మన పల్లెల్లో గొడ్ల గోమార్లకు, కుక్కల గజ్జికి వేయించే సూది కూడా అదే. కానీ తాబేలుకు అది విషం. పురుగు నరాలను చచ్చుబరిచే ఈ మందును చాలా జంతువుల్లో మెదడులోకి పోనీయని కాపలా ఉంటుంది. తాబేళ్లలో ఆ కాపలా గట్టిది కాదని భావిస్తారు. పశువులకిచ్చే మోతాదులో కొద్దిభాగానికే కాళ్లూ మెడా వేలాడేసి, ఊపిరి ఆడక చనిపోయిన తాబేళ్ల వివరాలు 1983లోనే అచ్చయ్యాయి. మొసళ్లకు, ఇండిగో పాములకు, స్కింకులకు కూడా వద్దంటారు. తాబేలున్న ఇంట్లో ఈ సీసా లేకపోవడమే మేలు.

మెట్రోనిడజోల్ మన ఇళ్లలో విరేచనాల మాత్రగా చిరపరిచితం. అమీబాకు, కశాభజీవులకు సరీసృపాల్లోనూ వాడతారు. మోతాదు మించితే తల ఒకవైపు వాలిపోవడం, గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. కింగ్‌స్నేక్‌లలో కొన్ని, ఇండిగో పాములు తక్కువ మోతాదుకే తూలతాయి. ఆకలి పుట్టిస్తుందన్న నమ్మకంతో తిండి తినని ప్రతి పాముకూ దీన్ని పట్టించే అలవాటు పెంపకందార్లలో పాతుకుపోయింది. తిండి మానిన పాముకు చాలాసార్లు కావాల్సింది మరో నాలుగు డిగ్రీల వేడి.

కాక్సిడియాకు పాత సల్ఫా మందులు పెరుగుదలను ఆపుతాయి గాని చంపవు. ఒంట్లో నీరు తగ్గిన జంతువుకు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇప్పుడు కోళ్ల కోసం వచ్చిన టోల్ట్రాజురిల్, గుర్రాల కోసం వచ్చిన పోనజురిల్ ముందు వరసలో ఉన్నాయి. కోళ్లఫారాలు నిండిన మన ప్రాంతంలో మొదటిది పేరు చెబితేనే దొరుకుతుంది, కాబట్టి జాగ్రత్త మరింత అవసరం. బద్దెపురుగులకూ జలగపురుగులకూ ప్రాజిక్వాంటెల్ ఉంది, కిలోకు 5 నుంచి 8 మిల్లీగ్రాములు. పిల్లుల మెడ మీద చుక్కలుగా వేసే ప్రాజిక్వాంటెల్, ఎమోడెప్సైడ్ మిశ్రమాన్ని యూరప్ వైద్యులు నోరు తెరవని సరీసృపాలకు చర్మం మీద వేస్తున్నారు.

ఏ మందైనా ఇచ్చేముందు జంతువు వెచ్చగా, నీరు పట్టి ఉండాలి. ఎండిపోయినట్టున్న తాబేలును మొదట గోరువెచ్చని నీళ్లలో, గడ్డం మునగనంత లోతులో, రోజూ పావుగంట కూర్చోబెడతారు. మరీ నీరసించి, పొట్టనిండా ఏలికపాములున్నదానికి ఒకేసారి పూర్తి మోతాదు వేస్తే చచ్చిన పురుగుల ముద్ద పేగుకు అడ్డం పడవచ్చు. అలాంటిదాన్ని, సూది అవసరమైనదాన్ని, కక్కుతున్నదాన్ని, రక్తం పోతున్నదాన్ని ఇంట్లో ఉంచుకుని ప్రయోగాలు చేయకూడదు.

పెట్టె శుద్ధి

మందు వేసిన రోజే పెట్టెలోని ఇసుక, కొబ్బరిపీచు, చెక్కపొట్టు తీసి పారేసి పాత పేపర్లు పరుస్తారు. చూపుకు బాగోదు గాని రెట్ట పడగానే కనబడుతుంది, ముడిచి పారేయడం సులువు. గడ్డపు తొండ కాక్సిడియా రెట్టలో పడ్డాక వెంటనే అంటదు. బయటి గాలిలో పక్వానికి రావడానికి దానికి వ్యవధి కావాలి. రోజూ రెండుపూటలా రెట్ట తీసే ఇంట్లో దానికి ఆ వ్యవధి దొరకదు. నా దృష్టిలో ఈ ఒక్క అలవాటు సగం మందుల పెట్టు. క్రిప్టోస్పోరిడియం మాత్రం పడ్డ క్షణం నుంచే అంటుకుంటుంది, అందుకే దానిముందు శుభ్రత కూడా తడబడుతుంది.

ఇళ్లలో అందరూ నమ్ముకునే బ్లీచింగ్ నీళ్లు బాక్టీరియాను చంపుతాయి గాని, కాక్సిడియా, క్రిప్టో గట్టి పెంకును దాటలేవు. పనిచేసేవి వేడి, ఆవిరి, ఘాటైన అమ్మోనియా ద్రావణం. ముందు రెట్ట మరకలను సబ్బుతో గీకి కడగాలి, మురికి కింద దాగినదానికి ఏ మందూ తగలదు. సలసల కాగే నీళ్లు నీటితొట్టికి, రాళ్లకు సరిపోతాయి. గాజు పలకల మీద ఒక్కసారిగా పోస్తే పగులుతాయి. చెక్కకొమ్మలు, బెరళ్లు పీల్చుకుంటాయి గనుక పారేయడమే నయం. అమ్మోనియా, బ్లీచింగ్ కలిపితే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడొద్దు.

తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రికి పెట్టెలో వదలకూడదు, అవి రెట్ట తిని తెల్లారి మళ్లీ తొండ నోట్లోకి వెళ్తాయి. కొత్తగా వచ్చిన జంతువును 90 రోజులు వేరే గదిలో, వేరే చిమటా, వేరే తొట్టితో ఉంచి, అన్నిటికీ మేత పెట్టాక చివర్లో దాని దగ్గరికి వెళ్లడం పెంపకందార్ల కట్టుబాటు. రెండో విడత మందైన రెండు మూడు వారాలకు రెట్ట మళ్లీ చూడాలి. అప్పుడు నాలుగైదు నులిపురుగు గుడ్లు కనిపించి, తాబేలు బరువు పెరుగుతుంటే మందు సీసా మూతపెట్టేయవచ్చు.

వంటింటి చిట్కాలు

వేపాకు రసం, వెల్లుల్లి, గుమ్మడిగింజలు, బొప్పాయి గింజలు, వాము మన ఇళ్లలో పిల్లల నులిపురుగులకు పెట్టినవే. గుమ్మడికాయ తాబేలుకు తిండిగా బాగానే ఉంటుంది. కానీ సరీసృపాల్లో వీటికి రుజువైన మోతాదు లేదు, రోజులు గడిచేకొద్దీ నట్టలు పెరగడమే మిగులుతుంది. ఎర విషయంలో మాత్రం వంటింటి ఫ్రిజ్ ఉపయోగపడుతుంది. ఎలుకనో చేపనో బాగా గడ్డకట్టించి వారాలు నిల్వ ఉంచి, కరిగించి ఇస్తే వాటిలోని పురుగుల పిల్లలు చాలావరకు చస్తాయి. ఏ పని చేసినా చేతులు సబ్బుతో కడుక్కోవడం యజమాని కోసం. సరీసృపాల రెట్టలో సాల్మొనెల్లా ఎంత మామూలంటే, నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే ఆ కారణంగా నిషేధించింది.

చట్టం

ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో రహస్యంగా ఎక్కువగా కనిపించేది నక్షత్ర తాబేలు. అదృష్టం తెస్తుందని కొంటారు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, 2019 నుంచి వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలోనూ ఉంది. ఇంట్లో ఉంచుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. విదేశీ జాతుల్లో సైట్స్ జాబితాలో ఉన్న బాల్ పైథాన్, ఇగువానా వంటివాటిని 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ 2.0 పోర్టల్లో నమోదు చేయాలి. నమోదు లేనివారు వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి జంకి, దుకాణంలో అడిగి మందు పోసేస్తుంటారు. చాలా తాబేళ్లు ఆ భయానికే బలవుతాయి.

భయపడి రాత్రికి రాత్రి పొదల్లో వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. పెట్టెలో నెలల తరబడి పేరుకున్న నట్టలు, పక్క జంతువుల నుంచి అంటిన అమీబా, ఆ తాబేలుతోపాటే అడవి తాబేళ్లలోకి వెళ్తాయి. అటవీశాఖకు అప్పగిస్తే వాటిని విడిగా ఉంచి, రెట్ట చూసి, అవసరమైతే మందు వేశాకే వదలాలన్నది వన్యప్రాణి వైద్యుల పద్ధతి. అక్రమ రవాణాలో చిక్కిన 51 నక్షత్ర తాబేళ్లు 2018లో సింగపూర్ నుంచి కర్ణాటకకు తిరిగొచ్చాయి. అలా ఇల్లు చేరిన తాబేళ్లు కూడా పొదల్లోకి వెళ్లేముందు దాటాల్సింది ఈ రెట్ట పరీక్షనే.